రంగుల చక్రం లైటు: తిరగకపోయినా, తడబడినా, రంగు చెడినా ఏం చేయాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో తిరునాళ్లకు పద్య నాటకం వేయించినప్పుడు రంగస్థలం మీదికి ఎరుపు, పసుపు, పచ్చ, నీలం రంగులను ఒకదాని తరువాత ఒకటిగా వేసే రంగుల చక్రం లైటును చాలామంది చూసే ఉంటారు. ఎల్‌ఈడీ లైట్లు వచ్చిన తరువాత కూడా లైటింగ్ సప్లయర్ల దగ్గర, నాటక సమాజాల పెట్టెల్లో ఈ లైట్లు ఇంకా ఉన్నాయి. ఇవి పాడైతే పారేయవలసినంత క్లిష్టమైన యంత్రాలు కావు. అయితే ఏ చిన్న లోపం వచ్చినా ముందుగా మోటారు పోయిందని తేల్చేసి దాన్ని మార్చడం అలవాటైపోయింది. నా అనుభవంలో మోటారును చివర అనుమానించడమే సరైన పద్ధతి. తప్పు ఎక్కువసార్లు చక్రంలోనో, ఇరుసు తిరిగే చిన్న గొట్టమైన బుష్‌లోనో, కరెంటు సరఫరాలోనో దొరుకుతుంది.

ఈ పరికరంలో ఉండే భాగాలు కొన్నే. రేకు డబ్బాలో వెనుక వైపున అల్యూమినియం రిఫ్లెక్టర్, దాని ముందు 500 లేదా 1000 వాట్ల హాలోజన్ బల్బు, బల్బుకు కొంత దూరంలో రంగు పలకలు బిగించిన చక్రం, ఆ చక్రాన్ని మెల్లగా తిప్పే చిన్న గేరు మోటారు ఉంటాయి. బల్బుకూ మోటారుకూ కరెంటు ఒకే ప్లగ్గు నుంచి వచ్చినా డబ్బా లోపల అవి రెండు వేర్వేరు దారులు. అందువల్ల బల్బు వెలుగుతోందా, చక్రం తిరుగుతోందా అన్న రెండు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకోవాలి. రెండూ పనిచేయకపోతే ముందు ప్లగ్గు, వైరు, ఫ్యూజు చూసుకోవాలి. ఒకటే పనిచేయకపోతే వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

డబ్బా విప్పే ముందు స్విచ్ కట్టేయడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గును పూర్తిగా లాగేయాలి. వెలుగుతున్న హాలోజన్ బల్బు గాజు 250 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది కాబట్టి, ఆపిన తరువాత కనీసం పావుగంట చల్లారనివ్వాలి.

సమస్య: బల్బు వెలుగుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు

ఇక్కడ చాలామంది చక్రాన్ని చేత్తో పట్టుకుని తిప్పి చూస్తారు. ఆ పని చేయకూడదు. చిన్న మోటారు వేగాన్ని తగ్గించడానికి లోపల సన్నని గేర్లు వరుసగా అమర్చి ఉంటాయి, వాటిలో కొన్ని ప్లాస్టిక్‌వి. బయటి నుంచి బలవంతంగా తిప్పితే ఆ పళ్లు అరిగిపోతాయి, అప్పటిదాకా బాగున్న మోటారు నిజంగానే పాడవుతుంది.

దానికి బదులు షాఫ్ట్ (మోటారు ఇరుసు) మీద చక్రాన్ని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూను (తల లేని చిన్న స్క్రూను) వదులు చేసి, చక్రాన్ని బయటికి తీసి, మోటారును ఒంటరిగా నడిపి చూడాలి. ఒంటరిగా అది తిరిగితే మోటారు మంచిదే. అప్పుడు చక్రం బరువు పెరిగిందా, దాని అంచు డబ్బాకు రాసుకుంటోందా, గ్రబ్ స్క్రూ పట్టు జారిందా అన్నవి చూడాలి. స్క్రూ జారితే షాఫ్ట్ తిరుగుతుంది కానీ చక్రం నిలిచిపోతుంది. షాఫ్ట్ మీద చదునుగా అరగదీసిన భాగం ఒకటి ఉంటుంది, స్క్రూ మొన సరిగ్గా ఆ చదును మీదికి వచ్చేలా బిగిస్తే మళ్లీ జారదు.

చక్రం తీసేసినా మోటారు తిరగకపోతే చెవి దగ్గర పెట్టి వినాలి. సన్నగా గుయ్‌మన్న శబ్దం వస్తుంటే కాయిల్ బతికే ఉంది, కరెంటు అందుతోంది, కానీ గేర్లు బిగుసుకుపోయాయని అర్థం. మన ఎండలకు పాత గ్రీజు ఎండి జిగురులా మారుతుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల చుట్టుపక్కల ఊళ్లలో వాడిన లైట్లలో ఆ జిగురుకు సన్నని రాతి పొడి కూడా తోడవుతుంది, అది గేర్లను ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తుంది. గేరు బాక్సు మూత విప్పి, ఏ గేరు ఎక్కడ ఉందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, కిరోసిన్ కొద్దిగా తడిపిన గుడ్డతో పాత గ్రీజును పూర్తిగా తుడిచేయాలి. కిరోసిన్ వాసన పోయేదాకా ఆరబెట్టిన తరువాత తెల్ల గ్రీజును పళ్లకు పలచగా రాస్తే సరిపోతుంది. ఇంట్లో ఉందని కొబ్బరి నూనె వేయడం మంచిది కాదు. బల్బు వేడికి అది కొన్నాళ్లకే జిగట కడుతుంది.

శబ్దం కూడా లేకపోతే మల్టీమీటరుతో మోటారు రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. ఈ లైట్లలో ఉండే 230 వోల్టుల చిన్న సింక్రోనస్ మోటారు (కరెంటు అలల లయకు ఒకే వేగంతో తిరిగేది) కాయిల్ కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తుంది. మీటరు అనంతం చూపిస్తే కాయిల్ తెగిందని అర్థం. అప్పుడు మాత్రమే మోటారు మార్చాలి. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ, నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య, షాఫ్ట్ మందం పాతదానితో సరిపోయాయో లేదో చూసుకోవాలి. నిమిషానికి 30 చుట్లు తిరిగే మోటారు తెచ్చి 5 చుట్ల మోటారు స్థానంలో బిగిస్తే రంగులు పరుగులు పెడతాయి, నటుడి ముఖంలో భావం ప్రేక్షకుడికి నిలవదు.

సరఫరా వల్ల వచ్చే రెండు కారణాలను ఇక్కడే చెప్పాలి. లైన్ చివర ఉన్న పల్లెల్లో పొలాల మోటార్లు నడిచే వేళ వోల్టేజీ బాగా పడిపోతే బల్బు ఎర్రగానైనా వెలుగుతుంది కానీ చక్రం మోటారు మొదలవ్వడానికి బలం చాలదు. రెండవది డిమ్మర్. బల్బు వెలుతురు తగ్గించడానికి మొత్తం డబ్బాను డిమ్మర్ మీద పెడితే మోటారుకు కూడా కోసిన కరెంటే వెళ్తుంది, అది గుయ్‌మంటూ వేడెక్కి ఆగిపోతుంది. మోటారు వైరును విడదీసి నేరుగా 230 వోల్టుల లైనుకు ఇచ్చి, బల్బును మాత్రమే డిమ్మర్‌కు కలపాలి.

సమస్య: ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతోంది

దీన్ని చూసి దెబ్బతిన్నదని కంగారు పడేవాళ్లు ఉన్నారు. కెపాసిటర్ లేని చిన్న సింక్రోనస్ మోటారుకు దిశ అంటూ ఉండదు. స్విచ్ వేసిన క్షణంలో కరెంటు అల ఏ దశలో ఉందో, లోపలి అయస్కాంతం ఏ స్థితిలో ఆగి ఉందో దాన్ని బట్టి అది ఏ వైపుకైనా మొదలవుతుంది. ఇది లోపం కాదు. రంగుల వరుస తప్పకూడదనుకుంటే ఒకే దిశలో తిరిగే రకం మోటారు అడిగి తెచ్చుకోవాలి.

అయితే తిరుగుతూ తిరుగుతూ మధ్యలో వెనక్కి మళ్లితే మాత్రం అది లోపమే. ఈ రకం మోటారు దారిలో ఏదైనా అడ్డు తగిలితే ఆగిపోకుండా వెనుదిరుగుతుంది. వేడికి వంగిన రంగు పలక, వదులై బయటికి పొడుచుకొచ్చిన స్క్రూ, లోపలికి వేలాడిన వైరు, వీటిలో ఏదో ఒకటి చక్రాన్ని తాకుతోంది. ఏ రంగు దగ్గర మళ్లుతోందో గమనిస్తే అడ్డు ఎక్కడుందో తెలిసిపోతుంది.

సమస్య: చక్రం ఆగి ఆగి, కుదుపుతో తిరుగుతోంది

నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సమస్య, అన్నిటికన్నా తక్కువగా అర్థం చేసుకున్న సమస్య కూడా. చక్రం ఒక వైపు పైకి ఎక్కేటప్పుడు నెమ్మదిగా వెళ్లి, కిందికి దిగేటప్పుడు ఒక్కసారిగా జారినట్టు కదులుతుంది. ఒక పలక చినిగిపోతే దాని స్థానంలో మందం ఎక్కువ ఉన్న పలకనో, రెండు పొరలనో బిగించడం వల్ల చక్రం ఒక పక్కకు బరువెక్కి ఉంటుంది. గేరు పళ్ల మధ్య ఉండే కొద్దిపాటి సందు వల్ల ఆ బరువు దిగేటప్పుడు చక్రం మోటారు కంటే ముందుకు జారుతుంది, ఎక్కేటప్పుడు వెనుకబడుతుంది.

చక్రాన్ని తీసి, దాని మధ్య రంధ్రంలో నున్నటి మేకును దూర్చి, మేకు రెండు చివరలనూ సమానంగా ఉన్న రెండు ఇటుకల మీద ఆనించాలి. చక్రం మెల్లగా ఊగి, బరువున్న పక్క కిందికి వచ్చి నిలుస్తుంది. సరిగ్గా దానికి ఎదురుగా పై అంచు దగ్గర ఒక చిన్న వాషర్‌ను తాత్కాలికంగా టేపుతో అంటించి మళ్లీ తిప్పి వదలాలి. ఎక్కడ వదిలినా అక్కడే నిలిచేదాకా వాషర్‌ను మార్చుకుంటూ, జరుపుకుంటూ పోవాలి. ఆ తరువాత టేపు తీసేసి వాషర్‌ను స్క్రూతో బిగించాలి, ఎందుకంటే వేడికి టేపు జిగురు కరిగి వాషర్ నాటకం మధ్యలో ఊడిపడుతుంది. ఈ పని ఓపికగా చేస్తే మోటారు మార్చాలనుకున్న లైటు కూడా నున్నగా తిరుగుతుంది.

బరువు సమానంగా ఉన్నా కుదుపు పోకపోతే బుష్ అరిగి ఉంటుంది. చక్రాన్ని రెండు వేళ్లతో ముందుకూ వెనక్కూ మెల్లగా కదిపి చూస్తే ఆ వదులు తెలుస్తుంది. లేత్ పని చేసేవారి దగ్గర ఇత్తడి బుష్ చేయించి వేసుకోవాలి.

సమస్య: టిక్ టిక్ శబ్దం

బజారులో ఊరేగింపుకు ఇది పెద్ద విషయం కాదు. కానీ నెల్లూరు పురమందిరం వంటి మూసిన హాలులో నటుడు పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు ఈ శబ్దం ముందు వరుసల వారికి స్పష్టంగా వినబడుతుంది, ఆలాపనను అది చెడగొట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. శబ్దం చుట్టుకు ఒక్కసారి వస్తే చక్రం ఎక్కడో తగులుతోంది. అంతకన్నా తరచుగా, సమానమైన విరామంతో వస్తే లోపలి గేరు పన్ను విరిగింది. మొదటిదానికి పలకను సరిచేయాలి, రెండవదానికి గేరు సెట్టు గానీ మోటారు గానీ మార్చడం తప్పదు. రేకు డబ్బా మొత్తం అదురుతుంటే మోటారు బిగించిన చోట రబ్బరు వాషర్లు వేయాలి.

సమస్య: రంగు వెలిసిపోవడం, పలక కాలిపోవడం, రంగుల మధ్య తెల్లటి చార

పుస్తకాల షాపులో దొరికే రంగు కాగితం ఈ పనికి పనికిరాదు. అది హాలోజన్ వేడికి కమిలిపోతుంది, కొబ్బరాకు పందిరి కింద మంటకు కూడా దారి తీయవచ్చు. రంగస్థలం లైట్ల కోసం తయారు చేసిన, వేడిని తట్టుకునే జిలెటిన్ షీట్లనే వాడాలి. అవి కూడా శాశ్వతం కావు. ముదురు నీలం, ముదురు పచ్చ ముందుగా చెడతాయి, ఎందుకంటే ముదురు రంగు తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తనలోనే మింగి వేడిగా మార్చుకుంటుంది. పసుపు చాలా వెలుతురును దాటనిస్తుంది కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది. చక్రం తిరుగుతున్నంతసేపు ఏ పలకా ఎక్కువసేపు బల్బు ముందు ఉండదు. అందుకే చక్రం ఆగిపోయిన వెంటనే బల్బు కూడా కట్టేయాలి, లేకుంటే ముందున్న పలకకు రంధ్రం పడుతుంది.

రెండు పలకల మధ్య సందు ఉంటే తెల్ల చార వస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే, ముఖ్యంగా ఎరుపు మీద పచ్చ పడితే, ఆ చోట నల్ల చార వస్తుంది, ఎరుపు దాటనిచ్చిన వెలుతురును పచ్చ ఆపేస్తుంది కాబట్టి. అంచులను సరిగ్గా ఆనించి, కలిసే చోట సన్నని రేకు పట్టీ బిగించడం మేలు.

సమస్య: నీలం వచ్చినప్పుడు రంగస్థలం చీకటి పడుతోంది

నీలం పలక వెలుతురును తక్కువగా దాటనిస్తుంది. పైగా హాలోజన్ వెలుతురులో నీలం పాలు సహజంగానే తక్కువ. వోల్టేజీ తగ్గితే ఆ కొంచెం కూడా పోయి వెలుతురు పసుపు వైపుకు జరుగుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే ఇటువంటి బల్బు వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. లేత నీలం పలక వేయడం, పొడవైన సన్న వైరుకు బదులు మందమైన వైరు వాడడం, నీలం పలకకు చక్రంలో ఎక్కువ వెడల్పు ఇవ్వడం దీనికి మార్గాలు.

సమస్య: వెలుతురు మచ్చలు మచ్చలుగా పడుతోంది

రిఫ్లెక్టర్ మీద దృష్టి పెట్టాలి. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు లేపుతుంది. నెల్లూరు ప్రాంతంలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కురుస్తాయి కనుక ఆ నెలల్లో మూసి పెట్టిన డబ్బాలో తేమ పట్టి ఇంకా చెడుతుంది. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే మెరుపు పూత గీతలు పడుతుంది. మంచి నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తటి దూదితో తుడిచి, మళ్లీ మంచి నీటితో కడిగి ఆరబెట్టాలి. పొక్కులు లోతుగా ఉంటే రిఫ్లెక్టర్ మార్చడమే మార్గం.

సమస్య: బల్బు పదే పదే పోతోంది

హాలోజన్ గాజును ఒట్టి చేత్తో ముట్టుకుంటే చేతి జిడ్డు, చెమట ఉప్పు గాజు మీద మిగిలి, వేడెక్కినప్పుడు అక్కడ గాజు బలహీనపడుతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకుని బిగించాలి, పొరపాటున చేయి తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. పొడవాటి ట్యూబు ఆకారపు బల్బును అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంచాలి, డబ్బాను పక్కకు వాల్చి కడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. వేడిగా ఉండగా స్టాండును జరపకూడదు. హోల్డరు లోపలి స్ప్రింగు నల్లబడితే కొత్త బల్బు వేసినా నిలవదు, హోల్డరు మార్చాలి.

సమస్య: డబ్బా ముట్టుకుంటే షాక్ కొడుతోంది

ఇది వాయిదా వేయకూడని సమస్య. వేడికి వైరు మీది ప్లాస్టిక్ పగిలి రాగి తీగ రేకును తాకుతోంది. బల్బు దగ్గరి వైర్లకు వేడిని తట్టుకునే ఫైబర్ గ్లాసు గొట్టం తొడిగి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, ఎర్త్ వైరును డబ్బా లోహానికి బిగించాలి. జనరేటరు మీద నడిపేటప్పుడు కూడా ఎర్త్ కడ్డీ పాతించాలని అడగడానికి మొహమాటపడకూడదు. 1959 తరువాత అమెరికాలో అల్యూమినియం క్రిస్మస్ చెట్లు ప్రచారంలోకి వచ్చినప్పుడు, లోహపు చెట్టుకు కరెంటు దీపాలు చుట్టడం ప్రమాదమని, నేల మీద దూరంగా రంగుల చక్రం లైటు పెట్టి చెట్టు మీదికి వెలుతురు వేసేవారు. లోహానికీ లైటు వైరుకూ మధ్య ఎడం ఉంచాలన్న ఆ జాగ్రత్త మన రేకు డబ్బాకూ, ఇనుప స్టేజీ గొట్టాలకూ వర్తిస్తుంది.

సమస్య: ఎల్‌ఈడీ బల్బు వేసిన తరువాత చక్రం అదిరినట్టు, రంగు వెలవెలబోయినట్టు కనిపిస్తోంది

చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, తిరిగే చక్రం అంచు దానివల్ల తెగి తెగి కనిపిస్తుంది, సెల్‌ఫోన్ వీడియోలో ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. మినుకు లేని డ్రైవరు (బల్బు లోపల ఎల్‌ఈడీకి కరెంటు అందించే భాగం) ఉన్న బల్బు తీసుకోవాలి. తెల్లని ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు పాలు తక్కువ కాబట్టి ఎరుపు పలక మందకొడిగా వెలుగుతుంది. పసుపు ఛాయ ఉన్న తెల్ల ఎల్‌ఈడీని, అంటే 3000 కెల్విన్ అని ముద్రించిన దాన్ని, ఎంచుకుంటే ఎరుపు కొంత తేరుకుంటుంది. వేడి తగ్గుతుంది కనుక పలకలు కూడా ఎక్కువ కాలం నిలుస్తాయి.