పూత నిలవదు, పిందె కట్టదు: గంజాం, గజపతి పెరళ్లలో గ్రీన్‌హౌస్ సమస్యలు

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో, బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా పెరటి గ్రీన్‌హౌస్‌లలో వచ్చే చాలా తంటాలకు మూలం ఒకటే: నాలుగు పక్కలా ప్లాస్టిక్ షీటు బిగించేయడం. చలి ఊళ్లకు అది సరిపోతుంది. మన ఎండకు, సముద్రపు తేమకు షీటు పైకప్పుకే చాలు, పక్కలన్నిటికీ వల మాత్రమే ఉండాలి.

టమాటా పూత రాలిపోతోంది

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పాడై పూత కాడతో సహా రాలుతుంది. మొక్క ఎత్తులో నీడన థర్మామీటరు కట్టి, మధ్యాహ్నం 2 గంటలకు చూడండి. బయటికన్నా లోపల నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటే గాలి ఆడడం లేదన్నమాటే.

3 × 6 మీటర్ల గ్రీన్‌హౌస్‌కు రెండు పొడుగు పక్కలా 1.5 మీటర్ల ఎత్తున 40 మెష్ (అంగుళానికి 40 కళ్లున్న) వల వేస్తే 18 చదరపు మీటర్ల గాలిదారి దొరుకుతుంది, అంటే నేలంత. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి నడికొప్పున అర మీటరు సందు వదిలి, దానికీ వల కట్టండి. కొప్పు 3 మీటర్లకు తగ్గకూడదు. వేసవి గాలి ఎక్కువగా దక్షిణం వైపు నుంచే వస్తుంది, ఆ గోడకు షీటు అసలు వద్దు. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పైపుల నీడ ఒకే మొక్క మీద నిలవదు.

50 శాతం షేడ్‌నెట్‌ను (సగం ఎండను ఆపే నీడవలను) షీటుకు బయట, ఒక అడుగు ఎత్తున కట్టాలి. లోపల కడితే వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది. ఇన్ని చేసినా ఏప్రిల్, మే నెలల్లో టమాటా నిలవడం కష్టం. ఆ రెండు నెలలూ బెండ, కాకర, తోటకూర వేసుకోవడం మేలు.

పూలు బోలెడు, పిందెలు పసుపెక్కి రాలుతున్నాయి

పురుగును ఆపిన వలే తేనెటీగనూ ఆపింది. దోస, బీర లాంటి తీగలకు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే ఆ పని మనమే చేయాలి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు వట్టి కాడే. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి వంచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి బొడిపెకు (కీలాగ్రానికి) మెల్లగా అద్దండి. వేలికి పసుపు పొడి అంటుతుంటే పుప్పొడి పండినట్టే. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు వస్తుంది. వేళ ముఖ్యం: దోస, కాకర, గుమ్మడికి పొద్దున్నే, బీర, ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక వాటికి చీకటి పడే వేళ. టమాటాకు ఇంత పని లేదు, ఉదయం తొమ్మిదింటి తర్వాత పూగుత్తిని వేలితో తట్టితే చాలు.

నారు సన్నగా సాగుతోంది

వెలుతురు చాలడం లేదు. వానాకాలం, చలికాలం షేడ్‌నెట్ తీసేయండి, షీటు మీద దుమ్ము కడగండి.

పొద్దున్నే షీటు నుంచి చుక్కలు, ఆకులపై మచ్చలు

సాయంత్రం నీళ్లు పోయడమే కారణం కావచ్చు. ఉదయాన్నే, ఆకు తడవకుండా మొక్క మొదట్లో పోయండి. కింది ఆకులు జానెడు ఎత్తు దాకా తుంచేస్తే గాలి ఆడుతుంది.

ఆకు అంచులు మాడి, మట్టిపై తెల్లటి పొర

గోపాలపూర్ వైపు ఉప్పు బోర్లతో ఇది మామూలే. పైన కప్పుంది కనుక ఉప్పును కిందికి కడిగే వాన లోపలికి రాదు. చూరు కింద గట్టరు పెట్టి డ్రమ్ములో నీళ్లు పట్టండి: 10 మిల్లీమీటర్ల వానకు ఈ కప్పు నుంచి 180 లీటర్ల దాకా వస్తాయి. నెలకోసారి ఆ నీళ్లు కుండీ అడుగు నుంచి కారేదాకా పోయాలి.

పైపు తగిలిన చోటే షీటు చిరుగుతోంది

ఎండకు కాలిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు షీటును తినేస్తుంది. పైపుకు తెల్లరంగు వేసి, 200 మైక్రాన్ల మందమున్న, ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునే యూవీ షీటు వాడండి.

తుఫాను హెచ్చరిక వచ్చింది

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతిని ముంచింది. తలుపులు మూసి కాపాడుకుందామనుకోకండి, షీటు తెరచాపలా ఉబ్బి పైపులను పెకలిస్తుంది. గాలి పెరగకముందే షీటును పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులు ఊడదీసి, షీటు చుట్టి ఇంట్లో పెట్టండి. ఖాళీ చట్రంలోంచి గాలి పోతుంది. కాళ్లు రెండడుగుల లోతు కాంక్రీటులో ఉంటే చట్రం నిలబడే అవకాశం ఎక్కువ.