వలసపోయి వచ్చిన పెద్దల మాటను ఇంటికోసం దాచుకోవడం ఎలా

ఉత్తర తెలంగాణలో వలసపోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. జగిత్యాల, కోరుట్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు, సిరిసిల్ల, వరంగల్ వైపు నుంచి మహారాష్ట్రలోని భివండికో గుజరాత్‌లోని సూరత్‌కో పోయి సాంచెల (మరమగ్గాల) మీద పనికి కుదిరినవారు ఎందరో ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఇంటి పట్టునే ఉంటున్నారు. వారి కథను రికార్డు చేయాలనుకునేవారు తరచుగా మొదటి ప్రశ్నతోనే పొరపాటు చేస్తారు. "నీ జీవితం గురించి చెప్పు పెదనాయినా" అని నేను అడిగినప్పుడు మా పెదనాయిన "ఏమున్నది బిడ్డా, పోయినం, కష్టపడ్డం, అచ్చినం" అని మూడు ముక్కల్లో ముగించాడు.

అందుకే జీవితాన్ని కాక, ఒక వస్తువును గురించి అడగాలి. పాత పాస్‌పోర్టు, అకామా కార్డు (గల్ఫ్‌లో ఉండటానికిచ్చే అనుమతి పత్రం), రేకు పెట్టె, ఆనాటి చేతి గడియారం ఏదైనా సరే, వారి చేతికి ఇచ్చి కొంతసేపు ఊరుకోవాలి. "ఈ పెట్టె ఎవరు సదిరిండ్రు? ఏమేం పెట్టిండ్రు?" అని అడిగినప్పుడు మామిడికాయ తొక్కు సీసాతో మొదలైన మాట, వీసా కోసం తెచ్చిన అప్పు, దాని వడ్డీ, తాకట్టు పెట్టిన పుస్తెలతాడు దాకా దానంతట అదే నడిచింది. రెండో మార్గం ఒక్క రోజును అడగడం. భివండిలో పనిచేసినవారినైతే ఒక్కరు ఎన్ని సాంచెలు చూసుకునేవారో, రాత్రి పాళి ఎప్పుడు మొదలయ్యేదో, ఖానావళిలో (భోజనం పెట్టే మెస్సులో) నెలకు ఎంత కట్టేవారో, గదిలో ఎందరు వంతులవారీగా పడుకునేవారో అడగండి. ఎడారిలో పనిచేసినవారినైతే క్యాంపులో తెల్లవారుజామున మొదట ఎవరు లేచేవారు, వంట ఎవరిది అన్న దగ్గర మొదలుపెట్టండి.

తేదీల కోసం పట్టుబట్టవద్దు. సంవత్సరం గుర్తులేదన్న సంకోచంతో అసలు సంగతే చెప్పకుండా ఆగిపోయేవారిని చూశాను. వారికి తెలిసిన గుర్తులతో తరువాత మనమే లెక్క కట్టుకోవచ్చు: ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983కు ముందా, తరువాతా? గోదావరికి పెద్ద వరద వచ్చిన 1986లో ఊళ్లోనే ఉన్నారా? ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన 1990 ఆగస్టులో ఎక్కడ ఉన్నారు? మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో వస్తుంది కనుక "అక్క పెండ్లి అయినంక రెండో జాతరకు పోయిన" అన్న మాట కూడా మంచి ఆధారమే. పాస్‌పోర్టు మీది ముద్రలు వీటిని సరిచూడటానికి పనికివస్తాయి, అయితే సౌదీ కాగితాలపై హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండరు) సంవత్సరం ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి. నిజాం కాలపు ఉర్దూ పత్రం ఏదైనా దొరికి, అందులో ఫసలీ (ఆనాటి సర్కారు లెక్కల్లో వాడిన) సంవత్సరం ఉంటే దానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది.

రికార్డింగుకు మామూలు ఫోను చాలు. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాల మీద, మాట్లాడేవారికి మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపవలసిందే. నేను ఎండాకాలం మధ్యాహ్నం ఆపడానికి మనసొప్పక వదిలేసిన గంటసేపటి రికార్డింగులో సగం మాటలు ఇప్పటికీ అర్థం కావు. ఉదయపు చల్లని వేళ నలభై నిమిషాలకు మించకుండా కూర్చోవడం మేలు. మొదట తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు మీరే పలకండి. ఫైలుకు కూడా అవే పెట్టి, ఫోనులో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఒకటి దాచండి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది కనుక డాక్యుమెంటుగా పంపండి.

ఇంట్లో ఆనాడు గల్ఫ్ నుంచి ఉత్తరానికి బదులు మాట నింపి పంపిన క్యాసెట్లు ఉంటే అవే అన్నిటికంటే విలువైనవి, ఎందుకంటే వాటిలో ఉన్నది ముప్పై ఏళ్ల వయసు గొంతు. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే దాన్ని ప్లేయరులో వేయకుండా తెలిసినవారికి చూపించాలి. బాగున్నదైతే పై అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లలను విరిచేయండి, పొరపాటున దాని మీద మరో రికార్డింగు పడదు. తరువాత ఒకసారి చివరిదాకా తిప్పి, కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి.

రాతలోకి దించేటప్పుడు భాషను దిద్దవద్దు. పెద్దాయన "అచ్చిన" అంటే "వచ్చాను" అని, "సాంచె" అంటే "మరమగ్గం" అని మార్చిన కాగితంలో ఆయన ఉండడు. హిందీ, అరబ్బీ, మరాఠీ మాటలు దొర్లితే అలాగే ఉంచి, అర్థం పక్కన రాయండి.

"ఇది రాయకు" అంటే వెంటనే ఆపాలి. మోసపోయిన సంగతి, అక్కడే చనిపోయిన తోటివాడి సంగతి కొందరు ఒక్క మనవరాలికే చెప్పుకుంటారు. అలాంటి భాగాన్ని వేరే ఫైలుగా ఉంచి, ఎవరు, ఎప్పుడు వినవచ్చో వారి నోటితోనే చెప్పించుకోవాలి.

నెల తరువాత ఆ రికార్డింగును వారికే వినిపించండి, రెండో ఫోను మరిచిపోకుండా పక్కన పెట్టుకొని. మా పెదనాయిన తన గొంతు తానే విని "అట్ల కాదు, వాడు రాజన్న కాదు, లింగన్న" అని దిద్దడం మొదలుపెట్టి, మొదటిసారి చెప్పని ఓడ ప్రయాణమంతా ఆనాడే చెప్పాడు.