కొయ్య గరిటె చెక్కడం – మూడో పాఠం: గుంట, మెడ

రెండో పాఠంలో దుంగను చీల్చి 28 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. మందం ఉన్న పేడు సిద్ధం చేసుకున్నాం. రంపంతో కోయొద్దని ఎందుకన్నామో ఇప్పుడు చూద్దాం.

రంపంతో కోసిన పలకను రౌటరు మిషనుకు (తిరిగే బ్లేడుతో కొయ్యను చెక్కే యంత్రం) ఇచ్చారనుకోండి. దానికి తెలిసింది అచ్చు ఒక్కటే. పలకలో పీచు ఏటవాలుగా పోతున్నా అదే గీత మీద కోసుకుపోతుంది. దాంతో మెడ దగ్గర పీచు తెగి పక్కకు బయటపడుతుంది. ఆ గరిటెతో రాగి సంగటి గెలికితే విరిగేది సరిగ్గా అక్కడే. చీల్చిన పేడులో అయితే పీచు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటుంది. భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన నెల్లూరు జిల్లా ఉదయగిరి గరిటె చేతికి దొరికితే మెడను వెలుతురులో తిప్పి, పీచు ఎటు నడుస్తోందో చూడండి. గరిటె కొనేటప్పుడూ మొదట చూడాల్సింది నునుపు కాదు, ఇదే.

ముందు గుంట తవ్వాలి, వీపు (గుంట వెనక వైపు) తర్వాత. వీపు చదునుగా ఉన్నంతసేపే పేడు బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. వంపు ఉలిని పీచుకు అడ్డంగా పెట్టి, రెండు అంచుల నుంచి నడిమికి చెక్కండి. ఆఖరి పొరలు మాత్రం పీచు వెంట, రెండు కొసల నుంచి అడుగుకు దిగుతూ తీయాలి. అడుగు దాటి ఎదురెక్కారంటే పీచు లేచి పెళ్లలు ఊడతాయి. లోతు 12 మి.మీ. చాలు. వీపు దించాక అంచు 3, అడుగు 5 మి.మీ. మిగలాలి. వేళ్లతో తడిమి ఊహించకండి, కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవండి.

మెడను సన్నగా చేస్తే అందమని చాలామంది అక్కడే చెడగొడతారు. వెడల్పు 10 మి.మీ.కి తగ్గించినా పరవాలేదు, పైనుంచి కిందికి మందం మాత్రం 13 ఉంచండి. గెలికేటప్పుడు బరువు పడేది ఆ దిశలోనే. ఆ మందం సగమైతే బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పక్క నుంచి చూస్తే మెడ వంపు కూడా కొద్దిగానే ఉండాలి. నేరు పేడులో పెద్ద వంపు తీస్తే, చీల్చి తెచ్చుకున్న పీచును మనమే తెంచినట్టు.

యంత్రం అసలే వద్దని కాదు. చుట్టూ అదనపు కొయ్యను బ్యాండ్‌సాతో (పట్టీ రంపపు మిషను) తీసేయొచ్చు, గరిటె ఆకారం గీతకు 3 మి.మీ. బయటే ఆగితే సరి. గ్రైండరుతో గుంట తవ్వడం మాత్రం వద్దు. వేడికి కొయ్య మాడుతుంది, అంచు గుండ్రమై పదును పోతుంది. పైగా అరగదీసిన పీచు తడి తగలగానే నూగులా లేస్తుంది. పదునైన ఉలి కోసిన చోట ఆ బెడద చాలా తక్కువ.

పచ్చి కొయ్య అయితే పని ఆపిన ప్రతిసారీ తడిగుడ్డ చుట్టి పెట్టండి. నెల్లూరు ఎండలో, అందులోనూ వడగాలి రోజుల్లో, గుంట అంచు ఒక్క మధ్యాహ్నంలో పగులుతుంది. చెక్కడం అయ్యాక పాత పేపరులో చుట్టి పది రోజులు నీడలో ఆరబెట్టండి. మొదటి మూడు రోజులు పేపరు చెమ్మగిల్లితే మారుస్తూ ఉండండి. నూనె పట్టించడం నాలుగో పాఠంలో.