కంప్యూటర్ ఎం.టెక్. థీసిస్: లక్షణం ఒకచోట, మూలం మరొకచోట

కంప్యూటర్ సైన్స్‌లో ఎం.టెక్. చేసేవారికి నాలుగు సెమిస్టర్లలో చివరి రెండు చాలావరకు ప్రాజెక్టుకే పోతాయి. ఆ ఏడాదిలో వచ్చే ఇబ్బందులు సాధారణంగా బయటపడేది ఆఖరి రెండు నెలల్లో, రివ్యూలోనో, ప్లేజియరిజం రిపోర్టులోనో, వైవాలోనో. బయటపడినచోటే అతుకు వేయాలని చూస్తే పని పెరుగుతుందే తప్ప థీసిస్ బాగుపడదు. గైడుగా నేను చూసినంతలో వాటి మూలం దాదాపు ఎప్పుడూ మొదటి నెలలోనే దొరికింది. మన కాలేజీల్లో ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులే (డేటా నుంచి నేర్చుకునే ప్రోగ్రాములు, అంటే మోడళ్లు, తయారుచేసేవి) ఎక్కువ కనుక ఉదాహరణలు అక్కడినుంచే తీసుకుంటున్నాను. ఎం.సి.ఏ. వారికి కూడా ఇందులో చాలాభాగం వర్తిస్తుంది.

సమస్య: టైటిల్ ఖరారైంది, ఏం చేస్తున్నారంటే చెప్పలేకపోతున్నారు

కమిటీ ముందు ప్రశ్న వేస్తే విద్యార్థి టైటిల్‌నే మళ్లీ చదువుతాడు: "మెషిన్ లెర్నింగ్ పద్ధతులతో గుండె జబ్బును అంచనా వేయడం". అది పని పేరే గాని ప్రశ్న కాదు.

కారణం: టైటిల్‌ను జాబితాలోంచి ఎంచుకోవడం. అమీర్‌పేట లాంటి చోట్ల ప్రాజెక్టు సెంటర్లలో బేస్ పేపర్, కోడ్, డాక్యుమెంటేషన్ ఒకే కట్టగా దొరుకుతాయి; ఆ కట్టలో ప్రశ్న మాత్రం ఉండదు, ఎందుకంటే జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది.

పరిష్కారం: ప్రయోగం చేశాక తప్పని తేలడానికి అవకాశమున్న ఒక్క వాక్యం రాయండి. గుండె జబ్బుకు సంబంధించి అందరూ వాడే యు.సి.ఐ. (కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్) డేటాసెట్‌నే తీసుకుందాం. అందులో నిజానికి నాలుగు చోట్ల రికార్డులున్నాయి: క్లీవ్‌ల్యాండ్‌వి 303, హంగరీవి 294, స్విట్జర్లాండ్‌వి 123, లాంగ్ బీచ్‌వి 200. ఎక్కువమంది క్లీవ్‌ల్యాండ్‌తోనే ఆగిపోతారు. "క్లీవ్‌ల్యాండ్ రోగులపై శిక్షణ పొందిన మోడల్ హంగరీ రోగులపై కూడా అదే స్థాయిలో పనిచేస్తుంది" అని రాసి చూడండి. ఇది తప్పు కావచ్చు, కనుక పరీక్షించదగినది. మిగిలిన మూడు చోట్ల కొన్ని కాలమ్‌లలో చాలా విలువలు ఖాళీగా ఉంటాయి కాబట్టి, ఆ ఖాళీలను ఎలా పూరించాలన్న రెండో ప్రశ్న దానంతటదే పుడుతుంది. కొత్త అల్గారిథమ్ కనిపెట్టనక్కరలేకుండానే ఎనిమిది నెలలకు సరిపడే పని సిద్ధమైంది.

సమస్య: అక్యురసీ (మోడల్ సరిగా చెప్పినవాటి వాటా) 99 శాతం వచ్చింది

దీన్ని సమస్యల జాబితాలో చూసి విద్యార్థులు ఆశ్చర్యపోతారు. జ్వరం లేదనుకుని సంతోషించేముందు థర్మామీటరు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా. ఈ కింది వాటిని ఇదే వరుసలో పరీక్షించండి.

మొదట, ఒకే రికార్డు రెండుమూడుసార్లు ఉందేమో చూడండి. డేటాసెట్లు పంచుకునే కాగుల్ సైట్‌లో 1,025 వరుసలతో బాగా వాడుకలో ఉన్న గుండె జబ్బు ఫైలును తెరిచి నకళ్లను తీసివేస్తే మిగిలేవి 302 వరుసలే. క్లీవ్‌ల్యాండ్ రికార్డులే పదేపదే వచ్చి ఆ ఫైలు నిండింది. దాన్ని మోడల్ శిక్షణకు 80, పరీక్షకు 20 పాళ్లలో విడగొడితే పరీక్ష భాగంలోని రోగుల్లో దాదాపు అందరూ శిక్షణ భాగంలోనూ ఉంటారు. ర్యాండమ్ ఫారెస్ట్ లాంటి అల్గారిథమ్ వారిని గుర్తుపెట్టుకుని 100 శాతానికి దగ్గరగా మార్కులు తెచ్చుకుంటుంది. డేటాసెట్ తెరిచిన మొదటి రోజే నకళ్లను లెక్కపెట్టే ఒక్క లైను కోడ్ రాసి ఉంటే ఈ పరువునష్టం తప్పేది.

రెండోది, విడగొట్టడానికి ముందే డేటాను సవరించారేమో చూడండి. తక్కువగా ఉన్న తరగతిని స్మోట్‌తో (ఉన్న రికార్డుల నుంచి కృత్రిమ రికార్డులు తయారుచేసే పద్ధతి) పెంచి ఆ తర్వాత విడగొడితే, పరీక్ష భాగంలోని రికార్డుల నుంచి పుట్టిన కృత్రిమ రికార్డులు శిక్షణ భాగంలోకి చేరతాయి. స్కేలింగ్ (విలువలన్నిటినీ ఒకే కొలమానంలోకి తేవడం), ఖాళీలు పూరించడం, ఫీచర్ల (వాడే కాలమ్‌ల) ఎంపిక కూడా అంతే. ముందు విడగొట్టి, శిక్షణ భాగంపై మాత్రమే నేర్చుకుని, నేర్చుకున్నదాన్ని పరీక్ష భాగానికి వర్తింపజేయాలి.

మూడోది కొంచెం లోతైనది: మోడల్ అసలు దేన్ని చూస్తోంది? ఆకు తెగుళ్ల ప్రాజెక్టులన్నీ వాడే ప్లాంట్‌విలేజ్ డేటాసెట్‌లో 54,306 ఫొటోలు, 38 తరగతులు ఉన్నాయి. 2016లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో దానిపై 99.35 శాతం అక్యురసీ సాధించారు. అదే మోడల్‌ను వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలపై ప్రయోగిస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయిందని వారే నిజాయతీగా రాశారు. 2022లో మరొకరు ఆకును పూర్తిగా పక్కనబెట్టి, వెనుక కనిపించే నేపథ్యంలోని 8 పిక్సెళ్లతోనే 49 శాతం తెచ్చి చూపారు. అంటే మోడల్ నేర్చుకున్నదాంట్లో కొంత తెగులు గురించి, కొంత ఫొటో తీసిన బల్ల గురించి. గుంటూరు వైపు విద్యార్థులు మిరప ఆకు ముడతను గుర్తించే యాప్ చేస్తామని ఇదే డేటాసెట్‌తో వస్తుంటారు. ఇందులో ఉన్నది క్యాప్సికమ్. తరగతులు రెండే, బాక్టీరియా మచ్చ ఒకటి, ఆరోగ్యమైన ఆకు ఒకటి. ముడత లేనే లేదు. పరిష్కారం ఫోను పట్టుకుని చేనులోకి వెళ్లడమే. రెండు వందల ఫొటోలు తెచ్చినా, వాటిని శిక్షణకు వాడకుండా కేవలం పరీక్షకు అట్టిపెడితే, ఫలితాల అధ్యాయానికి ప్రాణం వస్తుంది. ఒకే మొక్క ఫొటోలు రెండు భాగాల్లోకీ చేరకుండా చూసుకోండి.

నాలుగోది: తరగతుల నిష్పత్తి. క్రెడిట్ కార్డు మోసాల డేటాసెట్‌లో 2,84,807 లావాదేవీలకు మోసాలు 492. ప్రతిదానికీ "మోసం కాదు" అని చెప్పే మోడల్‌కు కూడా 99.83 శాతం అక్యురసీ వస్తుంది. ఇక్కడ ప్రెసిషన్ (మోసమని చెప్పినవాటిలో నిజంగా మోసాలెన్ని), రీకాల్ (ఉన్న మోసాల్లో పట్టుకున్నవెన్ని) చూపించాలి. ఏ తరగతిని ఏదిగా చెప్పిందో చూపే కాన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ పట్టికను ముద్రించకుండా తప్పించుకోవద్దు.

సమస్య: "మా పద్ధతి 1.6 శాతం మెరుగు" అంటే ఎగ్జామినర్ ఒప్పుకోవడం లేదు

క్లీవ్‌ల్యాండ్ 303 మందిలో 20 శాతం అంటే 61 మంది. 54 మందిని సరిగా చెబితే 88.5 శాతం, 55 మందిని చెబితే 90.2 శాతం. మీ థీసిస్ మొత్తం ఆధారపడిన మెరుగుదల ఒక్క రోగి! ఒకేసారి విడగొట్టిన ఫలితాన్ని నమ్మకుండా, 10 మడతల క్రాస్ వాలిడేషన్‌ను (డేటాను పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కోసారి పరీక్షకు వాడడం) వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక విభజనను నిర్ణయించే అంకెలతో) పలుమార్లు నడిపి, సగటుతోపాటు విలువలు ఎంత అటూఇటూ అవుతున్నాయో కూడా పట్టికలో ఇవ్వండి. రెండు పద్ధతుల మధ్య తేడా ఆ ఊగిసలాట కన్నా చిన్నదైతే, తేడా కనబడలేదని రాయండి. అలా రాసినందుకు మార్కులు తగ్గించే ఎగ్జామినర్లు లేరని అనను. కాని అంకెలు ఎక్కడివని అడిగితే జవాబు చెప్పలేనివాళ్లకు తగ్గేవి ఇంకా ఎక్కువ.

సమస్య: లిటరేచర్ సర్వే పేజీలు నిండాయి, చదివితే ఏమీ తెలియడం లేదు

పేపరుకొక పేరా చొప్పున, ఫలానావారు ఫలానా పద్ధతి వాడి ఇంత శాతం సాధించారని వరుసగా రాయడం దీని లక్షణం. ప్రశ్న లేనప్పుడు పేపర్లను పేర్చడం తప్ప వేరే దారి ఉండదు. ప్రశ్న దొరికాక ఒక పట్టిక గీయండి: ఏ డేటా వాడారు, నకళ్లు తీశారా, ఎలా విడగొట్టారు, బయటి డేటాపై పరీక్షించారా. ఆ పట్టికలో ఖాళీగా మిగిలిన గడే మీ థీసిస్‌కు చోటు. పేరాలు పేపర్ల వారీగా కాక ఈ అంశాల వారీగా రాయాలి.

సమస్య: ప్లేజియరిజం రిపోర్టులో 38 శాతం

యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం మాస్టర్స్ థీసిస్‌లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వమంటారు. 40 నుంచి 60 వరకైతే సవరించిన ప్రతిని ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆకరాల జాబితా, విషయసూచిక, కృతజ్ఞతల వంటివి లెక్కలోకి రావు. మీ విశ్వవిద్యాలయం సొంత నిబంధనలను కూడా ముందే చదివి ఉంచుకోండి.

విద్యార్థి వెంటనే చేసేది పదాలు మార్చడం, లేదా ఏఐ పరికరానికి ఇచ్చి తిరగరాయించడం. అంకె తగ్గుతుంది, దొంగతనం అలాగే ఉంటుంది, పైగా వాక్యాలు అర్థం కోల్పోతాయి. రిపోర్టులో రంగు పడిన పేజీలను తిరగేసి చూస్తే ఎక్కువభాగం పైథాన్ చరిత్ర, ఫీజిబిలిటీ స్టడీ, టెస్టింగ్ రకాలు, ఎవరికీ పనికిరాని యూజ్ కేస్ బొమ్మల వివరణ ఉంటాయి. సీనియర్ల థీసిస్‌ల నుంచి తరతరాలుగా వస్తున్న ఆస్తి అది. తిరగరాయకుండా ఆ పేజీలను పూర్తిగా తీసేయండి. థీసిస్ 90 పేజీల నుంచి 55కు తగ్గితే గైడును ఒప్పించాల్సి రావచ్చు. నా దగ్గరికైతే ధైర్యంగా తీసుకురావచ్చు.

సమస్య: కోడ్ విద్యార్థి లాప్‌టాప్‌లో తప్ప నడవదు

లైబ్రరీల వెర్షన్లు రాసిపెట్టకపోవడం, ఫైళ్ల దారులు కోడ్‌లోనే ఇరికించడం, సీడ్ స్థిరం చేయకపోవడం కారణాలు. సమర్పణకు నెల ముందు స్నేహితుడి యంత్రంలో మొదటినుంచి నడిపించి, పట్టికల్లోని అంకెలు మళ్లీ వస్తాయో లేదో చూడండి.

సమస్య: ఒకే థీసిస్‌కు ఇద్దరు పరీక్షకుల మార్కుల్లో పాతిక తేడా

ఇది గైడ్లకూ కమిటీ సభ్యులకూ చెందినది. డెమోలో రంగురంగుల వెబ్ పేజీ తెరుచుకుంటే ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు ఫలితాల పట్టిక దగ్గరే ఆగిపోతారు. దేనికి ఎన్ని మార్కులో ముందుగా విడగొట్టుకోకపోవడమే కారణం. ప్రశ్న స్పష్టత, ప్రయోగం రూపకల్పన, ఫలితాల విశ్లేషణ, రచన, డెమో అని విడగొట్టి, డెమోకు అన్నిటికన్నా తక్కువ వాటా ఇచ్చి, ఆ పట్టికను విద్యార్థులకు మొదటి రివ్యూ రోజే చూపించాలి. ఇద్దరూ మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేసి, తేడా పెద్దదైన అంశాన్ని మాత్రమే చర్చించుకోవాలి. వైవాలో నేను విద్యార్థిని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మీ మోడల్ తప్పు చెప్పిన ముగ్గురు రోగుల రికార్డులు తెరిచి, ఎందుకు తప్పిందో మీకు తోచింది చెప్పండి. కోడ్ కొని తెచ్చిన విద్యార్థికి ఆ రికార్డులు ఏ ఫైల్లో ఉన్నాయో కూడా తెలియదు.