65 దగ్గర పడుతున్న మగవాళ్ళకి: మెడికేర్‌లో చేరడం, దాంతోపాటే చేయించుకోవాల్సిన టెస్టులు

అమెరికాలో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనవాళ్ళని 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) లో ఎంతుందో అడగండి, సెంట్లతో సహా చెప్తారు. 65 నిండినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ మెడికేర్, అందులో డాక్టర్లకీ టెస్టులకీ కట్టే పార్ట్ బి ఎప్పుడు తీసుకోవాలి అంటే మాత్రం "అది ఆటోమేటిక్‌గా వచ్చేస్తుందిగా" అంటారు, పీఎస్‌ఏ (మగవాళ్ళకుండే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) ఎంతొచ్చింది అంటే మాట మార్చేస్తారు. ఈ రెండూ సంబంధం లేని పనులు అనుకోవడం దగ్గరే తేడా కొడుతోంది. ఏ ప్లాన్‌లో ఎప్పుడు చేరారు అన్నదాన్ని బట్టే రేపు రిపోర్ట్ తేడాగా వస్తే ఏ యూరాలజిస్ట్ (మూత్రం, ప్రోస్టేట్ సమస్యలు చూసే డాక్టర్) దగ్గరికి వెళ్ళగలరు, జేబులోంచి ఎంత పోతుంది అన్నది తేలుతుంది. అందుకే రెండూ కలిపి రాస్తున్నా.

ముందు ఆ ఆటోమేటిక్ సంగతి చూద్దాం. 65 రావడానికి కనీసం 4 నెలల ముందు నుంచే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) డబ్బులు తీసుకుంటున్నవాళ్ళకి పార్ట్ ఏ (ఆస్పత్రి ఖర్చుల భాగం), పార్ట్ బి వాటంతటవే వస్తాయి, కార్డు పోస్టులో వచ్చేస్తుంది. కానీ 1960లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్ళకి ఫుల్ రిటైర్మెంట్ ఏజ్ 67 కదా, అందుకని చాలామంది 65కి ఇంకా ఆ డబ్బులు మొదలుపెట్టరు, వాళ్ళకి ఏదీ దానంతట అది రాదు, సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీరే అప్లై చేసుకోవాలి.

దానికి ఉండే టైమ్ 7 నెలలు. పుట్టిన నెల, దానికి ముందు 3, తర్వాత 3. ఆగస్టులో పుట్టారనుకోండి, మే నుంచి నవంబర్ ఆఖరి దాకా. మే, జూన్, జులైల్లో అప్లై చేస్తే ఆగస్టు 1 నుంచి కవరేజ్ ఉంటుంది, ఆగస్టులో గానీ తర్వాత గానీ చేస్తే ఆ పై నెల 1వ తారీఖు నుంచి. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1వ తారీఖున పుట్టినవాళ్ళకి ఈ లెక్క మొత్తం ఒక నెల ముందే మొదలవుతుంది. మనలో ఎంతమందికి బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూన్ 1, జులై 1 పుట్టినరోజులే ఉన్నాయో మీకూ తెలుసు, పాస్‌పోర్ట్ మీదా సోషల్ సెక్యూరిటీ రికార్డులోనూ అదే ఉంటుంది, మెడికేర్‌కి కూడా అదే లెక్క. అమ్మ చెప్పిన తిథి అక్కడ చెల్లదు. జులై 1 అని ఉంటే మీకు మెడికేర్ జూన్ 1 నుంచే మొదలు.

ఇంకా ఉద్యోగం చేస్తూ ఉంటే? మీ కంపెనీలో గానీ మీ ఆవిడ కంపెనీలో గానీ 20 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులుండి, ఆ ఉద్యోగం మీద ఇన్సూరెన్స్ నడుస్తుంటే పార్ట్ బి ఆపుకోవచ్చు, పెనాల్టీ పడదు. 20 మంది కంటే తక్కువుంటే మెడికేరే మొదటి ఇన్సూరెన్స్ అవుతుంది కాబట్టి తీసుకోకపోతే కంపెనీ ప్లాన్ వాళ్ళు మెడికేర్ కట్టాల్సిన భాగం మేం కట్టం అనొచ్చు. ఉద్యోగం మానేశాక పార్ట్ బి తీసుకోడానికి 8 నెలలు ఇస్తారు. ఆ 8 నెలలు లెక్కపెట్టేది ఉద్యోగమో, దాని మీద వచ్చే ఇన్సూరెన్సో ఏది ముందు ఆగితే అప్పట్నుంచి. కోబ్రా (ఉద్యోగం మానేశాక సొంత డబ్బుతో కొనసాగించే కంపెనీ ఇన్సూరెన్స్) ఆగిన రోజు నుంచి కాదు! "18 నెలలు కోబ్రా ఉందిగా, అదయ్యాక చూద్దాం" అనుకుంటే పని చెడింది. కోబ్రా గానీ, పాత కంపెనీ ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్ గానీ మెడికేర్ కళ్ళకి ఉద్యోగం మీద వచ్చిన ఇన్సూరెన్స్ కిందకి రావు.

లేటైతే ఏమవుతుందంటే, నిండా 12 నెలలు ఆలస్యమైన ప్రతిసారీ పార్ట్ బి ప్రీమియం మీద 10 శాతం పెనాల్టీ, అది మామూలుగా జన్మంతా ఉంటుంది. 2026లో మామూలు ప్రీమియం నెలకి 202.90 డాలర్లు, రెండేళ్ళు లేటైనవాళ్ళకి దాని మీద ఇంకో 40 డాలర్ల పైన పడుతుంది. పైగా అప్పటికప్పుడు చేరనివ్వరు, జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యలోనే చేర్చుకుంటారు. మందుల కవరేజ్, అంటే పార్ట్ డి, దీనికి పెనాల్టీ వేరే. సరైన మందుల కవరేజ్ లేకుండా 63 రోజులు వరసగా గడిస్తే నెలకి 1 శాతం లెక్కన మొదలవుతుంది. ఇప్పుడు మందులేమీ వాడట్లేదు కదా అని మానేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగం చేస్తూ ఆలస్యంగా చేరేవాళ్ళు రెండు ఫారాలు రెడీ చేసుకోవాలి. సీఎంఎస్-40బి మీరు నింపేది, సీఎంఎస్-ఎల్564 మీ కంపెనీ హెచ్‌ఆర్ నింపేది. ఆ రెండోదాంట్లో మీ ఇన్సూరెన్స్ ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉందో హెచ్‌ఆర్ రాసి సంతకం పెట్టాలి. ఫేర్‌వెల్ కేక్ కోసే లోపే అది చేతిలో పెట్టుకోండి, బయటికొచ్చాక మీ ఈమెయిల్‌కి జవాబు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇక హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకి టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) ఉన్నవాళ్ళు, 65 దాటాక పార్ట్ ఏ తీసుకుంటే అది 6 నెలలు వెనక్కి వర్తిస్తుంది (65కి ముందుకి మాత్రం పోదు), ఆ నెలల్లో హెచ్‌ఎస్‌ఏలో వేసిన డబ్బుకి టాక్స్ గొడవ వస్తుంది కాబట్టి ఆ మేరకు ముందే ఆపేయాలి.

ఐటీలో మంచి జీతం మీద రిటైరయ్యేవాళ్ళకి ఇంకోటి. ప్రీమియం మీ రెండేళ్ళ కిందటి టాక్స్ రిటర్న్ చూసి వేస్తారు. 2026కి అయితే 2024 ఆదాయం చూస్తారు, ఒంటరిగా ఫైల్ చేస్తే 1,09,000 డాలర్లు, భార్యాభర్తలు కలిపి చేస్తే 2,18,000 దాటితే అదనంగా కట్టాలి. జీతం ఆగిపోయింది కదా ఇంకా పాత జీతం చూసి ఎలా వేస్తారు అని తిట్టుకుని ఊరుకోకండి, ఎస్‌ఎస్‌ఏ-44 అని ఫారం ఉంది, ఉద్యోగం మానేశాను, ఆదాయం తగ్గింది అని చూపిస్తే తగ్గిస్తారు.

ఇంట్లో ఆవిడ సంగతి మర్చిపోవద్దు. మెడికేర్ ఎవరిది వాళ్ళకే, మీరు కంపెనీ ప్లాన్‌లోంచి బయటికొస్తే 61 ఏళ్ళ భార్యకి ఇన్సూరెన్స్ ఉండదు, తనకి కోబ్రానో మార్కెట్‌ప్లేస్ (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైట్) ప్లానో చూడాలి, మార్కెట్‌ప్లేస్‌కి 60 రోజులే టైమ్. హెచ్-4 మీద ఉండి ఎక్కువ కాలం ఉద్యోగం చెయ్యలేకపోయినవాళ్ళకి భర్త 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ళ ఉద్యోగం) మీద 65కి పార్ట్ ఏ ప్రీమియం లేకుండానే వస్తుంది, అప్పటికి ఆయనకి 62 నిండి ఉండాలి.

ఇప్పుడు అసలు నిర్ణయం. ఒరిజినల్ మెడికేర్ (పార్ట్ ఏ, బి) ఉంచుకుని పైన మెడిగ్యాప్ (మెడికేర్ కట్టగా మిగిలిన వాటా కట్టే ప్రైవేట్ ఇన్సూరెన్స్), పార్ట్ డి కొనుక్కోవడమా, లేక మెడికేర్ అడ్వాంటేజ్ (వాటి బదులు ప్రైవేట్ కంపెనీ నడిపే) ప్లానా? అడ్వాంటేజ్‌లో ప్రీమియం తక్కువ, చాలావాటికి సున్నా, పళ్ళు, కళ్ళజోడు, జిమ్ అని ఆశ పెడతారు, కానీ నెట్‌వర్క్, అంటే ఆ ప్లాన్ ఒప్పుకున్న డాక్టర్ల లిస్టు, ఉంటుంది, ఎంఆర్‌ఐ, ఆపరేషన్ లాంటివాటికి ముందస్తు అనుమతి అడుగుతారు. మెడిగ్యాప్‌తో అయితే మెడికేర్ తీసుకునే ఏ డాక్టర్ దగ్గరికైనా వెళ్ళొచ్చు, నెలనెలా ప్రీమియం మాత్రం కట్టాల్సిందే. ఒంట్లో బాగున్నప్పుడు అడ్వాంటేజ్, జబ్బు చేస్తే మెడిగ్యాప్‌కి మారదాం అనే తెలివి ఇక్కడ పనిచెయ్యదండీ. 65 నిండి పార్ట్ బి మొదలైన 6 నెలల్లోనే మెడిగ్యాప్ కంపెనీ మిమ్మల్ని ఆరోగ్యం అడక్కుండా తీసుకోవాలి, ఆ తర్వాత న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొన్ని రాష్ట్రాలు తప్ప చాలాచోట్ల, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, షుగరుందా గుండెకి స్టెంట్ ఉందా అని అడిగి వద్దనొచ్చు. నా మటుకు నాకు, స్తోమత ఉన్నవాళ్ళు మొదట మెడిగ్యాప్‌లోకి వెళ్ళడమే మేలనిపిస్తుంది, తర్వాత అడ్వాంటేజ్‌కి రావడం తేలిక, అటు నుంచి ఇటు రావడమే కష్టం.

ఏటా చలికాలం ఇండియాలో గడిపేవాళ్ళకి: ఒరిజినల్ మెడికేర్ అక్కడ దాదాపు ఏమీ కట్టదు. మెడిగ్యాప్ ప్లాన్ జి, ప్లాన్ ఎన్ లాంటివాటిలో ప్రయాణం మొదలైన మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీకి 250 డాలర్లు మీరు కట్టాక 80 శాతం ఇస్తారు, జీవితం మొత్తానికి 50,000 డాలర్లు పరిమితి. నాలుగు నెలలు ఉండేవాళ్ళకి ఇది సరిపోదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే చూస్కోండి. అక్కడున్నాం కదా అని పార్ట్ బి మానేస్తే పైన చెప్పిన పెనాల్టీ మళ్ళీ మొదటికి.

పాత కంపెనీయో ప్రభుత్వమో రిటైరీ ఇన్సూరెన్స్ ఇస్తుంటే ఇవేవీ కొనేముందు వాళ్ళకి ఫోన్ చెయ్యండి, బయట పార్ట్ డి గానీ అడ్వాంటేజ్ గానీ తీసుకుంటే కొన్ని కంపెనీలు మీ కవరేజ్, దాంతో మీ ఆవిడది కూడా తీసేస్తాయి, మళ్ళీ చేర్చుకోవు. ఏదీ అమ్మకుండా సలహా ఇచ్చేవాళ్ళు కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ (మెడికేర్ మీద సలహాలిచ్చే ప్రభుత్వ పథకం) కౌన్సెలర్లు ఉన్నారు, ఉచితం.

కార్డు వచ్చింది. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి. పార్ట్ బి మొదలైన 12 నెలల్లోపు "వెల్‌కమ్ టు మెడికేర్" విజిట్ ఒకసారి ఉచితం, ఆ తర్వాత ఏడాదికోసారి వెల్‌నెస్ విజిట్. ఈ రెండూ మనం అనుకునే ఫుల్ చెకప్ కాదు. ఎత్తు, బరువు, బీపీ చూసి, వాడే మందులూ ఇంట్లోవాళ్ళ జబ్బులూ అడిగి, ఏ టెస్టులు ఎప్పుడు చెయ్యాలో ప్లాన్ రాసిస్తారు. "పన్లో పని ఈ మోకాలు కూడా చూడండి" అన్నారంటే దానికి వేరే బిల్లు పడుతుంది, చూపించుకోవద్దనట్లేదు, తెలిసి చూపించుకోండి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఫోన్లోనే ఒక మాట అడగండి: ఈ టెస్టు స్క్రీనింగ్ కింద రాస్తున్నారా, డయాగ్నస్టిక్ కిందా? లక్షణాలేవీ లేకుండా చేస్తే స్క్రీనింగ్, ఏదో ఇబ్బంది ఉండి చేస్తే డయాగ్నస్టిక్, టెస్టు అదే అయినా బిల్లు మారుతుంది. కొలనోస్కోపీనే (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) తీసుకోండి, స్క్రీనింగ్ అయితే 10 ఏళ్ళకోసారి (రిస్క్ ఎక్కువున్నవాళ్ళకి 2 ఏళ్ళకోసారి) ఉచితం, కానీ మధ్యలో పాలిప్ (పేగులో చిన్న గడ్డ) కనిపించి తీసేస్తే 2026లో డాక్టర్ ఫీజులో 15 శాతం మీది. అలాగని లక్షణాలు దాచిపెట్టకండి, దానికన్నా పిచ్చిపని లేదు.

ప్రోస్టేట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ సిగ్గుపడేది ఇక్కడే. 50 దాటినవాళ్ళకి మెడికేర్ ఏడాదికోసారి పీఎస్‌ఏ రక్తపరీక్ష ఉచితంగా ఇస్తుంది, వేలితో చేసే పరీక్షకి మాత్రం డిడక్టిబుల్ (ఏటా ముందు మీరే కట్టాల్సిన మొత్తం) అయ్యాక 20 శాతం మీరు కట్టాలి. ఫ్రీ కదా అని కళ్ళు మూసుకుని ఏటా చేయించుకోవాలని కాదు. ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ (ఏ టెస్టులు అవసరమో చెప్పే అమెరికా నిపుణుల బృందం) 2018లో చెప్పింది ఏంటంటే 55 నుంచి 69 దాకా డాక్టర్‌తో మాట్లాడి లాభనష్టాలు తెలుసుకుని నిర్ణయించుకోండి, 70 దాటాక మామూలుగా వద్దు అని. ఎందుకు వద్దంటున్నారంటే ప్రోస్టేట్ కాన్సర్లు చాలావరకు మెల్లగా పెరుగుతాయి, జీవితంలో ఎప్పుడూ బాధపెట్టనిదాన్ని కూడా వెతికి పట్టుకుని ఆపరేషన్ చేస్తే మూత్రం ఆగకపోవడం, సెక్స్ ఇబ్బందులు మిగలొచ్చు. నాన్నకో అన్నదమ్ములకో వచ్చి ఉంటే లెక్క వేరు, అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

పీఎస్‌ఏ పరీక్షకి రక్తం ఇచ్చేముందు రెండు రోజులు సైకిల్ తొక్కొద్దు, కలయిక వద్దు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గాక ఇవ్వండి, వీటివల్ల నంబర్ ఊరికే పెరుగుతుంది. జుట్టు కోసమో ప్రోస్టేట్ వాపు కోసమో ఫినాస్టరైడ్, డుటాస్టరైడ్ వాడేవాళ్ళకి కొన్ని నెలల వాడకంతోనే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది, రిపోర్ట్‌లో 2 అని కనిపిస్తే అసలు 4 దగ్గర ఉండొచ్చు. జుట్టు మందు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మామూలు డాక్టర్‌కి చెప్పనివాళ్ళు చాలామంది ఉన్నారు, చెప్పండి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారు పడక్కర్లేదు, మళ్ళీ చేస్తారు, అప్పుడూ ఎక్కువే ఉంటే ఈమధ్య బయాప్సీకి ముందు చాలాచోట్ల ఎంఆర్‌ఐ తీస్తున్నారు. ఆ ఎంఆర్‌ఐ దగ్గరే మీ ప్లాన్ ఎలాంటిదో మీకు అర్థమవుతుంది.

ఎప్పుడో మానేసినా సరే, జీవితంలో 100 సిగరెట్లు దాటి కాల్చిన 65 నుంచి 75 ఏళ్ళ మగవాళ్ళకి పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బిందేమో చూసే అల్ట్రాసౌండ్ ఒకసారి ఉచితం, డాక్టర్ రాసివ్వాలి. కాలేజీ రోజుల్లో టీ బడ్డీ దగ్గర కాల్చినవీ లెక్కలోకొస్తాయి. అది పగిలేదాకా చాలామందికి నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు, పగిలితే మాత్రం ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోవచ్చు. రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్ళు కాల్చినంత లెక్క తేలి, ఇంకా కాలుస్తున్నా, మానేసి 15 ఏళ్ళు దాటకపోయినా 77 ఏళ్ళ దాకా ఏటా ఊపిరితిత్తుల సీటీ కూడా వస్తుంది.

షుగర్, గుండె మనవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యం. ఆసియా వాళ్ళకి బీఎంఐ 23 నుంచే షుగర్ టెస్ట్ చూడమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్తోంది, సన్నగా ఉన్నాను నాకేం అనే మాట మనకి వర్తించదు. రిస్క్ ఉన్నవాళ్ళకి మెడికేర్ ఏడాదికి 2 సార్లు దాకా షుగర్ పరీక్ష ఉచితంగా ఇస్తుంది. కొలెస్ట్రాల్ మాత్రం స్క్రీనింగ్ కింద 5 ఏళ్ళకోసారే.

సెప్టెంబర్‌లో మీ ప్లాన్ నుంచి వచ్చే ఏడాది మార్పుల ఉత్తరం వస్తుంది, చెత్తలో వెయ్యకండి. మీ మందులు లిస్టులో ఉన్నాయా, అడ్వాంటేజ్ అయితే మీ యూరాలజిస్ట్, కార్డియాలజిస్ట్ నెట్‌వర్క్‌లోనే ఉన్నారా అని వాళ్ళ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోండి, వెబ్‌సైట్ లిస్టుల్లో పాతవి ఉండిపోతుంటాయి. మార్చాలంటే అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా టైమ్, అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్ళకి జనవరి 1 నుంచి మార్చి 31 దాకా ఇంకొక్కసారి మారే వీలుంది. ఆ రోజుల్లో మెడికేర్ నుంచి మాట్లాడుతున్నాం, కార్డు నంబర్ చెప్పండి అని ఫోన్లు తెగ వస్తాయి, మెడికేర్ వాళ్ళు అలా ఫోన్ చేసి అడగరు, పెట్టేయండి.