మీడియం వేవ్ మాస్ట్ కింద ఎర్త్ మ్యాట్: మరమ్మతు, పునర్నిర్మాణం

మీడియం వేవ్ ప్రసార కేంద్రానికి వచ్చిన వారెవరైనా ముందుగా తలెత్తి మాస్ట్‌ను, అంటే ప్రసారం చేసే ఎత్తైన ఉక్కు స్తంభాన్ని, చూస్తారు. ఆ ఏరియల్‌లో మిగతా సగం వారి కాళ్ల కిందే, జానెడు లోతు మట్టిలో, చక్రపు ఆకుల్లా నలుదిక్కులా పరచిన రాగి తీగల రూపంలో ఉంటుంది. దీన్నే ఎర్త్ మ్యాట్ అంటారు. మాస్ట్ నుంచి గాలిలోకి వెళ్లిన ప్రవాహం నేల గుండానే తిరిగి మొదలుకు చేరాలి కనుక, ఆ దారిలో ఎంత నిరోధం ఉంటే అంత పవర్ శ్రోతకు చేరకుండా మట్టిని వేడిచేయడానికే ఖర్చవుతుంది.

లెక్క వేసి చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. పావు తరంగదైర్ఘ్యం ఎత్తున్న మాస్ట్ రేడియేషన్ నిరోధం (తరంగాలుగా వెళ్లే పవర్‌ను సూచించే నిరోధం) సుమారు 36 ఓమ్‌లు. నేల నష్టం 2 ఓమ్‌లకు పరిమితమైనంత కాలం 200 కిలోవాట్లలో దాదాపు 190 కిలోవాట్లు ప్రసారమవుతాయి. అదే నష్టం 12 ఓమ్‌లకు పెరిగితే మిగిలేవి 150 కిలోవాట్లే. ట్రాన్స్‌మిటర్ అంతే కరెంటు తింటుంది, మీటర్లు పూర్తి పవరే చూపిస్తాయి, బిల్లూ తగ్గదు. బయటపడే ఆనవాలు ఒక్కటే: బేస్ కరెంటు (మాస్ట్ మొదట్లోకి వెళ్లే ప్రవాహం) 72 ఆంపియర్ల నుంచి 65 ఆంపియర్లకు దిగుతుంది. అందుకే లాగ్ పుస్తకంలో బేస్ కరెంటు గడిని ప్రతిరోజూ నింపాలి. నిన్నటి అంకెనే ఈరోజూ రాసే అలవాటు కొన్ని చోట్ల నా కంటపడింది గనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది.

అసలు పనిలోకి దిగే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. బేస్ కరెంటు తగ్గగానే చాలామంది ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్త్ పిట్‌లు తవ్విస్తారు. పిట్ పిడుగుపాటుకు, విద్యుత్ భద్రతకు అవసరమే. ఎర్త్ టెస్టర్‌లో ఒక ఓమ్ కన్నా తక్కువ చూపించినా, అది రేడియో ఫ్రీక్వెన్సీ ప్రవాహానికి ఏమాత్రం ఉపకరించదు. ఆ ప్రవాహం ఒక గుంటలోకి నిలువుగా దిగిపోదు, మాస్ట్ చుట్టూ వందమీటర్ల మేర నేల పైపొరల్లో అన్ని దిక్కులనుంచీ వచ్చి చేరుతుంది. పైగా పిట్‌లో వేసిన ఉప్పు వానాకాలంలో ఊరి, దగ్గరలోని రాగి పట్టీలను తినేస్తుంది. నేను చూసిన ఒక కేంద్రంలో ఇలా మూడు పిట్‌లు తవ్వించాక కూడా బేస్ కరెంటు కదలలేదు. చివరికి ట్యూనింగ్ హట్ (ట్రాన్స్‌మిటర్‌ను మాస్ట్‌కు సరిపోల్చే పరికరాలున్న చిన్న గది) గోడ పక్కన మట్టి తీసి చూస్తే, హట్ నుంచి మాస్ట్ చుట్టూ ఉన్న, తీగలన్నీ కలిసే రింగుకు వెళ్లే రాగి పట్టీ అతుకు దగ్గర మెత్తని బూడిదరంగు పొడి కనిపించింది. అది ఒకప్పటి సీసం-తగరం సోల్డర్. పట్టకారుతో పట్టుకుని లాగగానే రెండు పట్టీలూ అప్పడం విరిగినట్టు విడిపోయాయి. మొత్తం ప్రవాహమంతా వెళ్లవలసిన పట్టీ అది.

కాబట్టి తవ్వడం కన్నా ముందు కొలవాలి. ట్రాన్స్‌మిటర్ ఆపి, మాస్ట్ మొదలు దగ్గర ఇంపెడెన్స్ బ్రిడ్జ్‌తో గాని నెట్‌వర్క్ అనలైజర్‌తో గాని నిరోధాన్ని, రియాక్టెన్స్‌ను (పవర్ నష్టం లేకుండా ప్రవాహానికి వచ్చే అడ్డు; నిరోధంతో కలిపితే ఇంపెడెన్స్) కొలిచి, కేంద్రం స్థాపించిన నాటి అంకెలతో పోల్చాలి. రాత్రివేళ దూరపు స్టేషన్ల సిగ్నళ్లు మాస్ట్‌లోకి వచ్చి రీడింగులను చెడగొడతాయి కనుక ఈ కొలతకు పగలే మేలు. ఎండాకాలపు కొలతకూ వానాకాలపు కొలతకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే తీగలు చేయవలసిన పనిని తడి మట్టి చేస్తోందని అర్థం.

భద్రత విషయంలో రాజీ పడకూడదు. షట్‌డౌన్ తీసుకున్నాక ట్రాన్స్‌మిటర్ బ్రేకర్‌కు తాళం వేసి, తాళంచెవి పనిచేసేవారి జేబులో ఉంచుకుని, ఎర్తింగ్ రాడ్‌తో మాస్ట్‌ను నేలకు కలిపిన తరువాతే ఎవరైనా కంచె లోపలికి వెళ్లాలి. పక్కనే మరో మాస్ట్ ప్రసారంలో ఉంటే ఆగిపోయిన మాస్ట్‌లో కూడా చేయి కాలేంత వోల్టేజి వస్తుంది. మబ్బు పట్టిన రోజున, ముఖ్యంగా వేసవి సాయంత్రాల్లో ఉరుములు వినిపిస్తే, పని ఆపివేయాలి.

తవ్వకం మాస్ట్ మొదలు దగ్గరే ప్రారంభించాలి. పావు తరంగదైర్ఘ్యపు మాస్ట్‌కు నేల నష్టంలో పెద్ద వాటా మొదలు చుట్టూనే జరుగుతుంది, విరిగే అతుకులు కూడా ఎక్కువగా అక్కడే ఉంటాయి. జేసీబీని దగ్గరికి రానివ్వకుండా పారతో, చేతితో మట్టి తీసి, రింగు పట్టీని పూర్తిగా బయటపెట్టి, తీగ తీగనూ నెమ్మదిగా కదిపి చూడాలి.

పైకి బాగానే కనిపించే తీగ దూరాన తెగి ఉండవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ట్రాన్స్‌మిటర్‌కు బదులు పది వాట్ల చిన్న ఆంప్లిఫయర్‌తో మాస్ట్‌కు సిగ్నల్ ఇచ్చి, క్లాంప్ తరహా ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు మీటర్‌ను ఒక్కో తీగకు తగిలించి చూడాలి. పది వాట్లకు బేస్ కరెంటు అర ఆంపియర్ ఉంటుంది. 120 తీగలకు సమానంగా పంచితే తీగకు సుమారు 4 మిల్లీ ఆంపియర్లు. ఒక తీగలో అందులో సగమో పావో మాత్రమే కనిపిస్తే అది ఎక్కడో తెగినట్టే. అయితే మొదలుకు చాలా దూరంలో తెగిన తీగ దాదాపు మామూలు రీడింగే ఇవ్వవచ్చు. అనుమానమున్న తీగను కేబుల్ లొకేటర్‌తో చివరిదాకా వెంబడిస్తూ, సిగ్నల్ ఆగిపోయిన చోట సున్నంతో గుర్తు పెట్టి, అక్కడ తవ్వాలి.

అతుకు వేయడమే ఈ పనికి గుండెకాయ. మామూలు సోల్డర్ మట్టిలో కొన్నేళ్లకు పొడి అవుతుంది కనుక, భూమిలోకి వెళ్లే ప్రతి అతుకూ సిల్వర్ బ్రేజింగే (వెండి కలిసిన రాడ్‌ను ఎక్కువ వేడిలో కరిగించి అతకడమే) కావాలి. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌లు రాగి గొట్టాలకు వాడే, వెండి కలిసిన రాగి-ఫాస్ఫరస్ రాడ్ రాగిని రాగితో కలపడానికి చక్కగా సరిపోతుంది, దానికి వేరే ఫ్లక్స్ (లోహాన్ని శుభ్రపరిచే పదార్థం) కూడా అక్కరలేదు. రెండు తీగలనూ వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, నాలుగు సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి పెట్టి మెలివేసి, రాగి ఎర్రబడ్డాక రాడ్‌ను మంటలో కాకుండా తీగకే ఆనించాలి. కరిగిన లోహం తనంతట తానే సందులోకి పాకితే అతుకు కుదిరినట్టు, బొట్టుగా నిలబడితే మళ్లీ శుభ్రం చేసి వేయవలసిందే. ఇనుముపై ఈ రాడ్ వాడితే అతుకు పెళుసుగా తయారవుతుంది కనుక, ఉక్కు తగిలే చోట ఫ్లక్స్‌తో వేరే సిల్వర్ మిశ్రమం వాడాలి. ఎక్సోథర్మిక్ వెల్డింగ్ (రసాయన పొడిని మూసలో మండించి, కరిగిన రాగితో అతకడం) కూడా మంచిదే, అయితే మూసలో గాని తీగపై గాని తడి ఉంటే అతుకు గుల్లబారుతుంది, కరిగిన లోహం చిమ్ముతుంది.

సగానికి మించి తీగలు పోయినప్పుడు అతుకులు వేస్తూ కూర్చోవడం కన్నా కొత్త మ్యాట్ వేయడమే చౌక. ఎన్ని తీగలు కావాలన్న ప్రశ్నకు 1937లో అమెరికా ఇంజినీర్లు బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ ప్రచురించిన ప్రయోగ ఫలితాలే నేటికీ ఆధారం. వారు తీగల సంఖ్యను 2 నుంచి 113 వరకు మారుస్తూ కొలిచారు. తీగలు కొన్నే ఉన్నప్పుడు వాటిని పొడవు చేసినా పెద్దగా లాభం లేదని అందులో తేలింది. మూడు డిగ్రీలకు ఒకటి చొప్పున 120 తీగలు, ఒక్కోటి పావు తరంగదైర్ఘ్యం పొడవు అన్నది ఆ తరువాత ఆనవాయితీ అయింది.

ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం వాడే 738 కిలోహెర్ట్జ్‌నే ఉదాహరణగా తీసుకుంటే, తరంగదైర్ఘ్యం 406 మీటర్లు, తీగ పొడవు 102 మీటర్లు, మొత్తం తీగ 12 కిలోమీటర్లకు పైనే. 2.6 మిల్లీమీటర్ల రాగి తీగ అయితే సుమారు 600 కిలోలు. బయటి చివరల మధ్య ఎడం 5.3 మీటర్లు ఉంటుంది కాబట్టి అక్కడ ఒకటి అరా తీగ బండ అడ్డొచ్చి కొద్దిగా వంకర పోయినా పరవాలేదు. మొదలు దగ్గర మాత్రం పొడవైన తీగల మధ్య 15 మీటర్ల చిన్న తీగలు మరో 120 వేయడమో, రాగి జాలీ పరచడమో చేయాలి.

మన చుట్టుపక్కల నేల గురించి కొంత చెప్పాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఎర్రచల్క, దాని అడుగున ఉన్న గ్రానైట్ బండ విద్యుత్తును అంతగా పోనివ్వవు, అందుచేత ఇక్కడ తీగల సంఖ్య తగ్గించడం మంచిది కాదు. తీగను 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున వేస్తే చాలు. మేలో ఈ నేల గడ్డపారకు కూడా లొంగదు, వానలు వెళ్లిన అక్టోబరు, నవంబరు నెలల్లో ట్రాక్టర్ నాగలితో చాలు తీసి వేయడం సులువు. బండ బయటపడిన చోట తొలచనక్కరలేదు, తీగను రాతిమీదే పరచి మేకులతో బిగించి మట్టి కప్పవచ్చు. నల్లరేగడి తగిలిన చోట వేసవిలో నెర్రెలు తీగను లాగుతాయి కనుక కొంత వదులుగా వేయాలి. సర్కారు తుమ్మను యంత్రంతో పెకిలిస్తే వేళ్లతోపాటు తీగలూ లేస్తాయి. మొదలంటా నరికి వదిలేయాలి. మాస్ట్ పొలాన్ని పశుగ్రాసానికి కౌలుకిచ్చేటప్పుడు లోతు దుక్కి, యూరియా కూడదని ఒప్పందంలోనే రాయాలి, ఎందుకంటే నత్రజని ఎరువులు రాగిని తినేస్తాయి.

రాగి ధర చూసి దొంగలు రావడం సహజం. రాగి పూత ఉన్న ఉక్కు తీగ వేస్తే వారికి అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. ఈ ఫ్రీక్వెన్సీలో ప్రవాహం రాగిలో పైపైన, 0.08 మిల్లీమీటర్ల లోతు వరకే ప్రధానంగా సాగుతుంది కనుక పూత 0.2 మిల్లీమీటర్లుంటే సాంకేతికంగా లోటు రాదు. పూత గీసుకుపోయిన చోట ఉక్కు తుప్పు పడుతుంది, అందుకే పరిచేటప్పుడు రాళ్లపై ఈడ్వకూడదు.

మట్టి పూడ్చేముందు ప్రతి అతుకునూ ఫొటో తీసి, తీగ సంఖ్య, మొదలు నుంచి దూరం రాసి పటంలో గుర్తించాలి. ఆ తరువాత బేస్ ఇంపెడెన్స్ మళ్లీ కొలిచి, మారిన విలువకు ట్యూనింగ్ యూనిట్‌ను సరిచేసిన పిమ్మటే పూర్తి పవర్ ఇవ్వాలి. నేల కుదురుకోవడానికి ఒక వానాకాలం పడుతుంది కనుక, మొదటి పెద్ద వాన పడిన వారానికి మరోసారి కొలిచి, ఆ రెండు అంకెలనూ ట్యూనింగ్ హట్ తలుపు లోపలివైపు రాసిపెట్టాలి.