ఇంటి ప్లాన్ గీయడం నేర్చుకుందాం - 7వ పాఠం: ర్యాంపు, మళ్ళీ

ఈ వారం కిటికీలు అన్నాను కదా, అవి పక్కన పెట్టేశా. పోయినసారి ఇచ్చిన చిన్న క్లినిక్, ప్లింత్ (అంటే బయటి నేల నుంచి లోపలి గచ్చు దాకా ఎత్తు) 18 అంగుళాలు, ముందు మూడు మెట్లు, పక్కన చక్రాల కుర్చీకి ర్యాంపు, దానికి మీరు పంపిన డ్రాయింగులు చూశాక ముందుకి వెళ్ళబుద్ధి కాలేదు. మెట్లు అందరివీ బాగున్నాయ్, వాటి జోలికి పోను. ర్యాంపులు మాత్రం చాలామందివి 7 అడుగుల దగ్గరే ఆగిపోయాయి. ఇంతమందికి అదే 7 ఎలా వచ్చిందా అని బుర్ర గోక్కుంటే అప్పుడు వెలిగింది, నేను 1:12 అని రాస్తే మీరు 12 డిగ్రీలు అని చదివారు! 12 డిగ్రీల టాన్ 0.21 చిల్లర, దాంతో 18ని భాగిస్తే 85 అంగుళాలు, అంటే 7 అడుగులు. లెక్క కరెక్టే, ర్యాంపే తప్పు.

ఇది ఇవాళే తేల్చేసుకుందాం, మళ్ళీ అడగొద్దు. 1:12 అంటే 1 పైకెక్కాలంటే 12 ముందుకి పోవాలి. అది కోణం కాదు. కోణంలో చెప్తే 5 డిగ్రీలు కూడా ఉండదు, 4.76. శాతం కూడా కాదు, శాతంలో అయితే 8.33. ఇద్దరు ముగ్గురు 12 శాతం అనుకుని పన్నెండున్నర అడుగులు గీశారు, కాస్త దగ్గరికొచ్చారు గానీ అదీ తప్పే. నా అడ్డదారి ఒకటే: అంగుళానికి అడుగు. 18 అంగుళాల ఎత్తుకి 18 అడుగుల ర్యాంపు, అయిపోయింది. అందుకే నేను ఇప్పటికీ అడుగుల్లోనే గీస్తా, మిల్లీమీటర్ల వాళ్ళు 12తో గుణించుకోండి. పైగా 1:12 అనేది గరిష్ఠ వాలు, జాగా ఉంటే 1:15 చేయండి, ఎవరూ తిట్టరు.

"అంత జాగా ఎక్కడిది సార్, పార్కింగ్ పోతుంది" అని రాశారు కొందరు. కారుకి 8 అడుగుల వెడల్పు ఎవరూ అడక్కుండానే ఇచ్చారుగా మరి. అసలు మన కంటికి అలవాటైన ర్యాంపు గేటు ముందు కాలవ మీద పోసే బండి ర్యాంపు, అదే కొలత అనుకుంటాం. బండికి ఇంజనుంది, యాక్సిలరేటర్ తిప్పితే ఎక్కేస్తది. చక్రాల కుర్చీలో మనిషికి ఉన్నవి రెండు చేతులే.

మా అమ్మని లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక బ్యాంకుకి తీసుకెళ్ళా. ర్యాంపు ఉంది, పాలిష్ చేసిన నల్ల గ్రానైట్, మొహం చూసుకోవచ్చు. ఎలాగో పైదాకా తోశా, చూస్తే తలుపు బయటికి తెరుచుకునేది, ఆగడానికి అడుగు చోటు లేదు, ఒక చేత్తో కుర్చీ ఆపుతూ ఇంకో చేత్తో తలుపు లాగుతుంటే అమ్మ ఒళ్ళోంచి పాస్‌బుక్ జారి ఆ గ్రానైట్ మీద కిందదాకా పోయింది. అమ్మ వెనక్కి చూసి "మనం కూడా అట్లాగే పోతామేమోరా" అంది. ఆ ప్లాన్ మీదా ఎవరో ర్యాంపు అని రాసే ఉంటారు, పాసయ్యే ఉంటది.

కాబట్టి పైనా కిందా 5 అడుగులు బల్లపరుపు చోటు, మలుపు దగ్గర కూడా అంతే. వెడల్పు 4 అడుగులు. రెండు వైపులా రెయిలింగ్. గ్రానైట్ వద్దే వద్దు, గరుకు సిమెంటు చాలు.

చట్టం రెండు ముక్కల్లో: 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, దాని కింద 2017లో వచ్చిన 15వ రూల్‌లోని కొలతలు తప్పనిసరి కాకుండా సలహాల్లా మిగిలాయని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది. ఆ కేసులో కోర్టు ముందుకెళ్ళిన రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళదే. కానీ గీసేటప్పుడు కోర్టు మీ పక్కన కూర్చోదు, పెన్సిల్ మీ చేతిలోనే ఉంటది.

అభ్యాసం. ఒకటి, మీ ఊళ్ళో ఏదైనా ఏటీఎం ర్యాంపు మేస్త్రీ లెవల్ పైపుతో కొలిచి వాలు రాసి పంపండి, టేపు ఒక్కటే సరిపోదు. రెండు, ప్లింత్ 30 అంగుళాలు, ముందు జాగా వెడల్పు 20 అడుగులే, లోతు ఎంతైనా తీసుకోండి. 15 అడుగుల చొప్పున రెండు వరుసలు, మలుపుకి 5, సరిగ్గా 20 సరిపోయింది అని సంబరపడి పంపేస్తారు మీరు, నాకు తెలుసు. పైనా కిందా ఆగే చోట్లు ఎక్కడ పెట్టారో చూసుకుని అప్పుడు పంపండి.